ఎనభైలోనూ కొత్త పాట

తనతో యెరూషలేముకు రమ్మని దావీదు పిలిచేనాటికి గిలాదీయుడైన బర్జిల్లయి వయస్సు 80 ఏళ్లు. భోజనం రుచి తెలియడం లేదని, గాయకుల స్వరం ఇక వినపడదని చెప్పి, రాజు పిలుపును వినయంగా కాదన్నాడు (2 సమూయేలు 19:31-38). పాపం, ఆయనకు నిజంగానే వినపడదు. మనలో చాలామందికి వినపడుతుంది, వినాలనిపించదు.

హార్మోనియం, తబలాతో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకుంటూ పెరిగినవాళ్లం మేము. చర్చిలో యూత్‌వాళ్లు గిటార్లు, డ్రమ్స్ సర్దుతుంటే చెప్పులు వెతుక్కునేవాళ్లం. 'ఇదీ ఒక ఆరాధనేనా?' అని గుమ్మం దగ్గర సణిగేవాళ్లం. ఒక క్రిస్మస్ సాయంత్రం మనవరాలు కీబోర్డు వాయిస్తుందని తప్పక కూర్చున్నాం. మొదటి పాట వట్టి చప్పుడనిపించింది. రెండో పాటలో మాటలు చెవిన పడ్డాయి. సిలువ, క్షమాపణ, ప్రభువు రాకడ... అన్నీ మేము చిన్ననాటి నుంచి పాడుకున్నవే! మూడో పాటకు మా చేతులే తాళం వేశాయి. ఇప్పుడు పక్క సంఘంలో సంగీత విభావరి అంటే, కొత్త బృందం ఏదైనా వస్తోందా అని మేమే అడుగుతున్నాం.

పురుషోత్తమ చౌదరి (1803-1890) మన రాగతాళాల్లో క్రీస్తును కీర్తించిన రోజుల్లో అవీ కొత్త పాటలే కదా! 148వ కీర్తన (12, 13 వచనాలు) యౌవనులను, వృద్ధులను కలిసి దేవుణ్ణి స్తుతించమంటోంది.

బర్జిల్లయి తాను వెళ్లలేకపోయినా కింహామును రాజు వెంట పంపాడు. వినపడనివారు ఆయనలాగే పిల్లలను దీవించి సాగనంపుదాం. వినపడేవారు ఇంకొక్క పాట అయ్యేదాకా కూర్చుందాం.