ఊయల చెప్పని ఇంటిపేరు

హోసూరు: ఆడపిల్ల పుట్టిందని ప్రాణం తీయొద్దు, తెచ్చి ఇక్కడ పడుకోబెట్టి వెళ్లండి... అంటూ 1992లో తమిళనాడు ప్రభుత్వం సేలం జిల్లాలో ఊయలలు పెట్టింది. ‘తొట్టిల్ కుళందై తిట్టం’ అంటే ఇక్కడ తెలియనివారు ఉండరు. 2001లో ధర్మపురి, మధురై, తేని, దిండిగల్ జిల్లాలకూ ఈ పథకం వచ్చింది. మన హోసూరు, కృష్ణగిరి అప్పుడు ధర్మపురి జిల్లాలోవే. కృష్ణగిరి వేరు పడింది 2004లో.

ఆ తొలి ఊయలల్లో పడుకున్న పసిపిల్లలకు ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. దత్తతకు వెళ్లి ఎక్కడెక్కడో స్థిరపడి ఉంటారు. పెంచినవాళ్లు కళ్లలో పెట్టుకుని చూసుకున్నా సరే, ఏదో ఒకరోజు ఆ ప్రశ్న రాక మానదు. కాన్పుకు వెళ్తే డాక్టరు అడుగుతారు, ‘మీ అమ్మకు షుగరు ఉందా, బీపీ ఉందా’ అని. ఏ అమ్మ గురించి చెప్పాలి?

మన వైపు పుట్టినవారికి ఇంకో చిక్కు ఉంది. ఈ జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కన్నతల్లి ఏ భాషలో జోల పాడేదో ఊయల ఎలా చెబుతుంది? మనవాళ్లు కొత్త మనిషి కనిపిస్తే ముందు ఇంటిపేరే అడుగుతారు కదా. తమిళనాడు కాగితాల్లో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్‌. కాబట్టి తల్లి పేరు దొరికినా, అది తెలుగు ఇల్లో తమిళ ఇల్లో పోల్చుకోవడం అంత తేలిక కాదు.

అసలు తేడా వచ్చేది బిడ్డ ఎలా చేరిందన్న దగ్గర. ఎవరూ చూడకుండా ఊయలలో పెట్టి వెళ్లిపోతే మిగిలేది తేదీ, చోటు మాత్రమే. తల్లే వచ్చి అప్పగిస్తే సంతకం చేసిన పత్రం ఉంటుంది. ఇప్పటి చట్టంలో ఆమె మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు కూడా ఉంది. వెతికేవారికి ఆ ఒక్క కాగితమే పెద్ద ఆధారం.

కన్నవారి కోసం వెతికే హక్కును 2022 నాటి దత్తత నిబంధనలు గుర్తించాయి. ‘రూట్ సెర్చ్’ అంటారు. పద్దెనిమిదేళ్లు నిండితే సొంతంగా, లోపైతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి అర్జీ పెట్టుకోవాలి. దత్తత ఇచ్చిన సంస్థను గానీ, జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని గానీ, ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’ను గానీ అడగొచ్చు. విదేశాల్లో పెరిగినవారు మన రాయబార కార్యాలయాన్నీ ఆశ్రయించవచ్చు. చేతిలో దత్తత ఉత్తర్వు, సంస్థ పేరు ఉంటే సగం పని అయినట్టే.

తన పేరు చెప్పొద్దని తల్లి అప్పట్లో కోరి ఉంటే మాత్రం ఆమె ఒప్పుకోవాలి. ఆ సంగతి తెలియని భర్త, పిల్లలు, అత్తవారు ఇప్పుడు ఆమె చుట్టూ ఉండొచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత గుమ్మంలో నిలబడి ‘నేనే నీ బిడ్డను’ అంటే ఆమె కాపురం ఏమవుతుందో ఆలోచించాలి కదా. కాదంటే పేరు చెప్పరు. బిడ్డను ఎందుకు, ఏ పరిస్థితుల్లో ఇచ్చారో మాత్రం చెప్పాలి.

ఇంకో మాట. ‘మీవాళ్లను నేను పట్టిస్తా’ అంటూ డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. ఈ వెతుకులాటను మూడోమనిషి చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు.