వార్తల్లో పదం: అంతర

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివేవారు ప్రభుత్వ పథకాల జాబితాలో ‘అంతర’ పేరు చూసే ఉంటారు. కేంద్రం 2017లో కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేర్చిన గర్భనిరోధక ఇంజెక్షన్ ఇది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అందులోని మందు డీఎంపీఏ అనే హార్మోను. మూడు నెలలకోసారి వేయించుకుంటే అండం విడుదల కాకుండా ఆపుతుంది.

ఇలాంటి ఇంజెక్షన్లపై పోరాటానికి హైదరాబాద్ కూడా ఒక వేదిక. 1985లో నగర శివార్లలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే మరో ఇంజెక్షన్‌ ప్రయోగానికి మహిళలను చేర్చుకోబోయారు. అది ప్రయోగమన్న సంగతి వాళ్లకు చెప్పలేదని హైదరాబాద్ మహిళా సంఘం స్త్రీశక్తి సంఘటన సభ్యులు గుర్తించారు. ఢిల్లీకి చెందిన మహిళా సంఘం సహేలీ తదితరులతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకెక్కారు. తగిన కౌన్సెలింగ్, వైద్య పర్యవేక్షణ లేనిచోట నెట్-ఎన్‌ను వాడబోమని ప్రభుత్వం చెప్పడంతో 2000లో కేసు ముగిసింది.

స్త్రీవాదుల అభ్యంతరం గర్భనిరోధంపై కాదు, పెత్తనంపై. మాత్ర పడకపోతే మానేయొచ్చు. ఒంట్లోకి ఎక్కిన ఇంజెక్షన్‌ను వెనక్కి తీయలేం. నెలసరి తప్పడం, విడవకుండా రక్తస్రావం, ఎముకల సాంద్రత తగ్గడం వంటి ఇబ్బందులుంటాయి. ఆపేశాక మళ్లీ గర్భం నిలవడానికి నెలలు పట్టొచ్చు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాడుకోగల సాధనమిదని సమర్థించేవారూ ఉన్నారు. ఆ మాటా కాదనలేనిదే. అయితే మంచిచెడ్డలు ముందే వివరంగా చెప్పి అడిగినప్పుడే అది మహిళ ఎంపిక అవుతుంది.