పొరుగింటి బిడ్డ గురించి చెప్పవలసి వచ్చినప్పుడు

రెండేళ్లు దాటినా మాటలు రాని బిడ్డను చూసి 'వస పోయలేదా' అని అడగడం రాయలసీమ పల్లెల్లో మామూలే గానీ, ఆ బిడ్డకు ఆటిజం ఉందేమో అన్న అనుమానాన్ని కన్నవారి చెవిన వేయడం మేనత్తకైనా, అంగన్‌వాడీ కార్యకర్తకైనా సులువైన పని కాదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి ఆలుమగలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయినప్పుడు బిడ్డ జేజి (నాయనమ్మ) దగ్గర ఉండిపోతే, రోజంతా చూసే మనిషి ఒకరు, ఆసుపత్రికి తీసుకుపోవాలా వద్దా అని తేల్చే మనుషులు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న వేరేవారు అవుతారు.

ఆటిజం అనేది మెదడు ఎదుగుదలలోని తేడా; తోటివారితో కలవడం, మాట, సైగ, ఆట ఇందులో వేరుగా నడుస్తాయి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో పదకొండు మంది పిల్లలను గమనించి దీన్ని వర్ణించిన తరువాత, తల్లి ప్రేమగా పెంచకపోవడమే కారణమన్న వాదం కొన్నేళ్లు చెలామణి అయింది. 1977లో వెలువడిన కవలల అధ్యయనం వంశపారంపర్య కారణాల వైపు వేలు చూపడంతో ఆ వాదం బలహీనపడింది. అయినా అత్తగారి నోట అదే నింద నేటికీ వినిపిస్తుంది గనుక, పొరుగువారి మాట ఎంత మంచి ఉద్దేశంతో వచ్చినా తల్లికి తప్పు పట్టినట్లే తోస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన హద్దు ఒకటుంది: చూసింది చెప్పవచ్చు, రోగానికి పేరు పెట్టకూడదు. ఏడాదిన్నర బిడ్డ వీధిలో బస్సు పోతుంటే వేలు చూపి, వెంటనే తల్లి ముఖంలోకి చూస్తుంది, ఆమె కూడా చూసిందా లేదా అని. దీన్నే ఉమ్మడి శ్రద్ధ అంటారు. అలా వేలు చూపకపోవడం, పేరు పెట్టి పిలిచినా తిరగకపోవడం, బొమ్మ ట్రాక్టరును తోలకుండా తలకిందులు చేసి గంటల తరబడి చక్రం తిప్పడం, వచ్చిన మాటలు పోవడం గమనించదగ్గవి. వీటిలో ఏ ఒక్కటీ నిర్ధారణ కాదు. పిలిస్తే పలకని బిడ్డకు చెవుడు ఉండవచ్చు గనుక మొదట వినికిడి పరీక్ష జరగాలి. హైదరాబాదుతో సహా దేశంలోని ఐదు ప్రాంతాల్లో జరిగి 2018లో వెలువడిన ఒక అధ్యయనం వినికిడి లోపం, మూర్ఛ, ఆటిజం వంటి పలు సమస్యలను కలిపి లెక్కించి, 2 నుంచి 6 ఏళ్ల లోపు పిల్లల్లో 9.2 శాతం మందికి వాటిలో ఏదో ఒకటి ఉందని చూపింది. అంటే పొరుగువారి కన్ను పట్టిన తేడా నిజమే కావచ్చు, వారు పెట్టిన పేరు మాత్రం తప్పు కావచ్చు.

పేరంటంలో పదిమంది మధ్య ఎత్తితే చూసింది చెప్పే మాట కూడా చెడుతుంది. 'వాళ్ల నాయనకూ మూడేండ్లకు గానీ మాటలు రాలేదు' అని జేజి కొట్టిపారేస్తే వాదించడం వృథా. 'నిజమే, అయినా చెవులు ఒకసారి చూపిద్దాం' అనడం మేలు, ఎందుకంటే చెవి పరీక్షకు సిగ్గు అడ్డు రాదు. తాయెత్తు కట్టించుకున్న ఇంటిని ఎగతాళి చేస్తే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి ఎదుగుదల లోపాలను పరీక్షించి, అవసరమైన వారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలన్నది నియమం. బృందం వచ్చిన రోజున బిడ్డ తల్లిదండ్రుల వెంట సుగ్గిలో ఉంటే ఆ విడత తప్పిపోతుంది. బిడ్డ జేజి దగ్గరే ఉండిపోయిన ఇంటికైతే పొరుగువారు చేయగల సాయం చిన్నదే: పేరు పెట్టి పిలిచినప్పుడు బిడ్డ ఏం చేస్తుందో జేజి అనుమతితో రెండు నిమిషాలు ఫోనులో తీసి, గుంటూరులో ఉన్న తల్లికి మాత్రమే పంపి, కర్నూలు పెద్దాసుపత్రికి పోయే రోజున బస్సులో జేజి పక్కన కూర్చోవడం.