కుంపటికి ఊపిరి

హైదరాబాదునుండి శామీర్‌పేట మీదుగా ఉత్తరమునకు సాగిన బాట కరీంనగరు దాటి రామగుండము బొగ్గుగనుల సీమను చేరుతుంది. మేడ్చల్ మీదుగా పోయే మన్మాడు రైలుమార్గము నిజాము కాలములో వేసినది. దానిపై చాలాకాలము బొగ్గు తిని బ్రతికే యింజనులే పరుగెత్తినవి. ఈ రెండు ఊళ్ళ పరిసరములలో నేడు గ్యాసు పొయ్యి సామాన్యమైపోయినది. అయినా గ్యాసు బండ నిండుకున్ననాడో, చలికాలపు తెల్లవారుజామున స్నానమునకు నీళ్ళు కాగవలసినప్పుడో, పెరటి మూలనున్న పాత కుంపటి జ్ఞప్తికి వస్తుంది. తీసి చూస్తే లోపలి మట్టి నెర్రెలు విచ్చి ఉంటుంది. చువ్వలు వంగి ఉంటాయి. అడుగున బూడిద గడ్డకట్టి ఉంటుంది. దానిని పారవేయుటకు ముందు రోగమేమో విచారించుట న్యాయము. చాలావరకు ఆ రోగము ఒక్కటే: ఊపిరాడకపోవుట.

కుంపటి నిర్మాణము అతి సులభము. ఒక పాత బొక్కెన, దాని నడుమ అడ్డముగా ఇనుప చువ్వలు, చువ్వల క్రింద గాలికీ బూడిదకూ ఒక నోరు, చుట్టూ దళసరి మట్టిపూత. ఇంతే. గాలి క్రింది నోట ప్రవేశించి, చువ్వల సందులగుండా పైకెక్కి బొగ్గును మండిస్తుంది. అడుగు పొరలో పుట్టిన బొగ్గుపులుసు వాయువు, పైనున్న ఎర్రని నిప్పుల నడుమ పోతూ మరికొంత బొగ్గును తనలో కలుపుకొని కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. ఆ వాయువు పైకి వచ్చి మరల గాలి తగలగానే నీలిమంటగా వెలుగుతుంది. తరగతిలో దహనమును బోధించే ఉపాధ్యాయునికి ఇంతకంటె చవుకైన ఉపకరణము దొరకదు.

నీలిమంట కంటికి ఇంపైనదే కాని, అక్కడ కాలుతున్నది విషము. గాలి చాలనప్పుడు ఆ విషము కాలక గదిలోనికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైబడిన గాఢతతో దానిని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తరువాత వికారము, ఆపైన మగత. నిద్రలో ఉన్నవారికి ఈ హెచ్చరికలు కూడ అందవు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని పడుకొన్నవారు తెల్లవారేసరికి లేవలేదను వార్తలు ఉత్తరాది చలి ప్రాంతములనుండి చలికాలములో వస్తూనే ఉంటాయి. పొగ రావడము లేదు గదా అని నిబ్బరపడుటే ఇక్కడ ప్రమాదము. పొగ కనబడుతుంది, కండ్లు మండిస్తుంది, తలుపు తెరిపిస్తుంది. ఇది ఏమియు చేయదు. కనుకనే పెద్దలు కుంపటిని వాకిట రాజబెట్టి, పొగ పోయి నిప్పు ఎర్రబారినను, గాలి ఆడే చోటనే ఉంచేవారు.

ఇక మరమ్మతు. మొదట చువ్వలను చూడవలెను. అవి వంగిపోవుటకు బొగ్గు వేడిమి కారణమని సాధారణముగా అనుకుంటారు. నిజమునకు నేరము క్రింది బూడిదది. క్రిందినుండి వచ్చే చల్లని గాలియే చువ్వలను కాపాడేది. బూడిద చువ్వలదాక పేరుకొనెనా, గాలి ఆగిపోతుంది, చువ్వలు ఎర్రగా కాలి మెత్తబడి కుంగిపోతాయి. పూటపూటకూ బూడిద తీసే గృహిణి చువ్వలకు ఆయుస్సు పోస్తున్నదన్నమాట. క్రొత్త చువ్వలు వేసేటప్పుడు సందు వ్రేలెడు ఉండవలెను. ఇంకా ఇరుకైతే బూడిద దిగదు. వెడల్పైతే నిప్పులు జారిపోతాయి. చువ్వల కొనలను మట్టిలో బిగించి పూడ్చరాదు. కాగిన ఇనుము సాగుతుంది. సాగుటకు చోటు లేకపోతే పూతనే చీలుస్తుంది.

పూతకు చెరువు బంకమట్టి మంచిది, పుట్టమన్ను ఇంకా మంచిది. వట్టి మట్టి ఆరునప్పుడు బీటలు వారుతుంది గనుక ఊకగాని, సన్నగా తరిగిన గడ్డిగాని కలిపి, ఒక రాత్రి నాననిచ్చి, తొక్కి మెదపవలెను. పాత నెర్రెను పూడ్చేముందు దానిని నీటితో తడపవలెను. ఎండిన గోడ క్రొత్త మట్టిలోని నీటిని ఒక్క గుక్కలో పీల్చివేస్తుంది. అప్పుడు పూత పట్టదు, పెంకువలె రాలుతుంది. నీడలో ఆరబెట్టి, మొదట పుల్లలతో చిన్న మంట వేసి, ఆ తరువాతనే బొగ్గు వేయవలెను. గోడకు కరచుకున్న చిట్టెమును వేడిమీద పొడిచి పెకలించరాదు. చల్లారిన పిమ్మట మెల్లగా తట్టితే ఊడివస్తుంది. నిప్పులార్పుటకు నీళ్ళు గుమ్మరించేవారి కుంపటికి ఏ మన్నూ నిలువదు.

బొగ్గులోను భేదమున్నది. కట్టెబొగ్గు తేలికగా రాజుకొని కొద్ది బూడిద మిగులుస్తుంది. భూగర్భమునుండి తీసిన బొగ్గును తెలుగువారు రాక్షసి బొగ్గన్నారు. దాని పొగ చూచినవారికి ఆ పేరు అతిశయోక్తి అనిపించదు. భూగర్భ పరిశోధకుడు డాక్టరు విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతములో దీనిని కనుగొన్నాడు; 1889లో త్రవ్వకము సాగింది. సింగరేణి బొగ్గులో పొగకు మూలమైన ఆవిరులు, బూడిద రెండూ మెండు. ఇంటి కుంపటిలో వాడితే నిప్పు ఎర్రబారేవరకు పొగ భరించవలెను, బూడిద మరింత తరచుగా తీయవలెను.

పొగ బాధను తొలగించుటకు హైదరాబాదులోనే ఒక గొప్ప యత్నము జరిగింది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో డాక్టరు ఎస్. పి. రాజు మట్టితో కట్టే పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, కోట్లాది వంటయిండ్లకు పొగ తప్పించు మార్గమని 1953లో ఆంగ్లమున ఒక పుస్తకము ప్రకటించారు. కట్టెల పొయ్యియే అయినను సూత్రమొక్కటే: గాలికి దారి, పొగకు దారి. తరువాత 1983లో కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల పథకము పెట్టి, 2002లో దానిని ముగించేలోగా మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించింది. వాటిలో ఎన్నో గొట్టము మసితో పూడి, మట్టి బీటలు వారి మూలపడినవి. కట్టినవారు మరల రాలేదు. ఇంటివారికి గొట్టము దులుపుట నేర్పినవారు తక్కువ.

మరమ్మతైన కుంపటికి ఒక చిన్న పరీక్ష ఉన్నది. నిప్పు ఎర్రబారిన పిమ్మట చిన్న కాగితపు ముక్కను వెలిగించి క్రింది నోటి దగ్గర పట్టవలెను. మంట లోపలికి వంగితే దారి శుభ్రముగా ఉన్నది. నిటారుగా నిలిచినా, బయటికి వాలినా, బూడిద మరల తీయవలసినదే.