మీకు తెలుసా? వాగు నీళ్లు కాచి తాగొచ్చేమో గానీ, వాటితో లెన్సు కడగకూడదు!

అమెరికాలోని కొలరాడో కొండల్లో సెప్టెంబరు వచ్చిందంటే ఎల్క్ వేట సందడే. ఎల్క్ అంటే మన కణుజుకు అన్నలాంటి భారీ దుప్పి. దాని కోసం విల్లంబులు పట్టుకుని, రోడ్డుకు మైళ్ల దూరంలో 10,000 అడుగుల ఎత్తున డేరా వేసుకునేవాళ్లలో కాంటాక్ట్ లెన్సులవాళ్లూ ఉంటారు. వాళ్ల అసలు శత్రువు ఎలుగుబంటి కాదు, అకాంతమీబా!

మంచినీళ్లలో, మట్టిలో బతికే ఈ సూక్ష్మజీవి లెన్సు చాటున చేరి కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరను తినేస్తుంది. చూపే పోవచ్చు. అమెరికాలో ఈ జబ్బు బారిన పడేవాళ్లలో సుమారు 85 శాతం మంది లెన్సులు వాడేవాళ్లే. పోనీ, నీళ్లు కాచి వాడితే? అదీ వద్దు. మెత్తటి లెన్సు మామూలు నీటికి ఉబ్బి కంటికి అతుక్కుంటుంది.

ఇక చేతుల సంగతి. వేటాడిన జంతువును కోసిన చేతులకు నెత్తురూ కొవ్వూ అంటుకుని ఉంటాయి. ఆ జిడ్డు మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. ఆరకముందే లెన్సు ముట్టుకుంటే కన్ను భగ్గుమంటుంది. సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో తుడుచుకోవాల్సిందే. రాత్రి లెన్సు ద్రావణం గడ్డకట్టకుండా సీసాను స్లీపింగ్ బ్యాగులో పక్కనే పడుకోబెట్టుకుంటారు, పసిపిల్లను పడుకోబెట్టినట్టు! ఏ రోజుకారోజు పారేసే లెన్సులైతే ఈ ద్రావణం తంటా లేదు.



అన్నట్టు, సంచిలో కళ్లజోడు ఒకటి తప్పక ఉంచుకోండి.