పెంపుడు ఊసరవెల్లి: దాని పోషణము, రోగలక్షణములు

“తొండ ముదిరి ఊసరవెల్లి యైనది” అను సామెతను వినని తెలుగు బాలుడుండడు. సామెత మాట యెట్లున్నను, తొండ యెన్ని యేండ్లు బ్రదికినను ఊసరవెల్లి కానేరదు. రెండును బల్లిజాతిలోనివే గాని వేఱువేఱు కుటుంబములకు జెందినవి. తొండ గోడలమీదను కంచెలమీదను చుఱుకుగా పరుగిడును. ఊసరవెల్లి యన్ననో, గాలికి కదలు ఆకువలె ముందునకు వెనుకకు ఊగి, పటకారువంటి పాదములతో కొమ్మను పట్టుకొని మెల్లగా సాగును. దాని వ్రేళ్లు ప్రతి పాదమునందును రెండొకవైపు, మూడొకవైపుగా కూడియుండును. కన్నులు రెండును దేనికది తిరుగును గాన, ఒక కన్నుతో ముందున్న మిడతను, రెండవ కన్నుతో వెనుకనున్న కాకిని ఒక్కమాఱే చూడగలదు. నాలుక శరీరపు నిడివికంటెను దూరముగా సాగి, తటాలున పురుగును అంటించుకొని తెచ్చును.

విదేశములలో నివసించు మన పూర్వవిద్యార్థులలో కొందఱు తమ పిల్లలు ఈ జంతువును పెంచుటకు ముచ్చటపడుచున్నారనియు, దీని పోషణమునుగూర్చి తెలుగున నొక వ్యాసము వ్రాయుడనియు కోరిరి. ఇచ్చటి మన విద్యార్థులకు మాత్రము మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. మన తోటలలో కనబడు ఊసరవెల్లిని పట్టుటయు, ఇంటనుంచుకొనుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. దాని నడుమునకు దారము కట్టి బడికి తెచ్చు బాలురను మేమెఱుగుదుము. వారికది వినోదము, దానికి ప్రాణాంతకము. అమెరికా, ఐరోపా దేశములలో ఇండ్ల పెంచబడునది మఱియొక జాతి. దాని జన్మభూమి యెమెన్ దేశమును, దానిని ఆనుకొనియున్న సౌదీ అరేబియా భాగమును. తలపై ఎత్తైన కిరీటమువంటి ఎముక గలిగి, మగది తోకతో గూడ రెండడుగులవఱకు పెరుగును. పెంపకగాండ్ర యొద్ద పుట్టినదానినే కొనవలెను గాని అడవినుండి పట్టితెచ్చినదానిని కొనరాదు. ఈ వ్యాసమునందలి కొలతలన్నియు ఈ యెమెన్ జాతికి జెందినవి.

ఈ జంతువును పెంచువారు అన్నిటికంటె ముందుగా గ్రహింపవలసిన దొక్కటి కలదు. ఊసరవెల్లి తన రోగమును దాచుకొనును. పక్షులకును పాములకును ఆహారమైన యీ ప్రాణి, తాను బలహీనముగా నున్నట్లు కనబడినచో ముందుగా తానే పట్టువడును. అందుచేత శరీరములో వ్యాధి ముదురుచున్నను, కొమ్మమీద తిన్నగా కూర్చుండి, వేసిన పురుగును తినుచునే యుండును. పెంచువాడు “నిన్నటివఱకు బాగుగనే యుండెను, నేడు హఠాత్తుగా పడిపోయినది” అనును. అది హఠాత్తుగా పడిపోలేదు. కొన్ని వారములనుండి అది చెప్పుచున్న చిన్నచిన్న గుఱుతులను ఇతడు చదువలేదు. ఈ గుఱుతులలో చాలవఱకు గూటిలోని వెలుతురు, నీరు, ఆహారము అను మూడింటి లోపమువలన పుట్టునవే గాన, వాటితోగూడ చెప్పుచున్నాము.

గూడు గాజుపెట్టెకంటె సన్నని వలతో చేసిన పంజరమైన మేలు, ఏలయన గాలి ఆడవలెను. పెరిగిన జంతువునకు వెడల్పు 60, లోతు 60, ఎత్తు 120 సెంటీమీటరులైనను ఉండవలెను. దానిని బల్లమీద ఎత్తుగా నుంచి, లోపల అడ్డుకొమ్మలను, దాగుటకు ఆకులుగల మొక్కలను అమర్చవలెను. ఒక గూట ఒక్కటే యుండవలెను. ఇది జతను కోరు ప్రాణి కాదు. అద్దములో తన నీడను చూచినను బెదరును.

వెలుతురు విషయము కొంచెము వివరింపవలసియున్నది. ఊసరవెల్లికి రెండు దీపములు కావలెను. ఒకటి వేడినిచ్చునది. దానిక్రింద కొమ్మయొద్ద సుమారు 30 సెంటిగ్రేడు డిగ్రీల వేడియుండి, గూటి అడుగున చల్లగా నుండవలెను. అప్పుడు జంతువు తనకు కావలసిన చోటికి తానే పోవును. రాత్రి దీపములన్నియు ఆర్పివేయవలెను. వేడిని చేతితో అంచనా వేయక థర్మామీటరుతో కొలువవలెను. దీపము మిక్కిలి దగ్గఱగానున్నచో కిరీటము కాలి నల్లని మచ్చ పడును. చర్మము కాలుచున్నను ఊసరవెల్లి తొలగిపోవునను నమ్మకము లేదు.

రెండవది అతినీలలోహిత కిరణముల నిచ్చు దీపము. ఈ కిరణములు సోకినప్పుడే చర్మమునందు డి-విటమిను తయారగును. ఆ విటమిను లేనిదే తిన్న సున్నపుసారము రక్తములోనికి చేరదు. ఇట్టి దీపమును దినమునకు 12 గంటలు వెలిగింపవలెను. ఇచ్చట పెంచువారు మోసపోవు విషయ మొకటున్నది. కొన్ని నెలలు వెలిగిన పిమ్మట ఆ దీపము కంటికి ఎప్పటివలెనే వెలుగుచుండును గాని అందులోని అతినీలలోహిత కిరణములు తగ్గిపోవును. కాబట్టి దీపముపై దానిని అమర్చిన తేదీని వ్రాసియుంచి, తయారుచేసినవారు చెప్పిన గడువునకు మార్చివేయవలెను. కిటికీ అద్దముగుండ వచ్చు ఎండ దీనికి బదులు కాదు. అద్దము ఆ కిరణములను చాలవఱకు ఆపివేయును.

ఇక నీరు. గిన్నెలో నిలిచిన నీటిని ఊసరవెల్లి సామాన్యముగా గుర్తింపదు. నిండిన గిన్నె ప్రక్కనే దాహముతో చచ్చినను చచ్చును. అడవిలో అది ఆకులమీది మంచుబిందువులను, వానచినుకులను నాకును. గనుక ఉదయమునను సాయంకాలమునను ఆకులన్నియు తడియునట్లు నీటిని తుంపరగా చల్లవలెను. బొట్టుబొట్టుగా కారు నీటిపాత్రను పైన అమర్చుటయు మంచిదే. అయితే రెండు తడుపులకు నడుమ గూడు ఆఱవలెను. ఎల్లప్పుడు తేమగా, గాలి లేక యున్నచో ఊపిరితిత్తుల వ్యాధి కలుగును. నీరు చాలినదో లేదో తెలిసికొనుటకు సులభమైన మార్గము దాని విసర్జనమును చూచుట. మలముతోబాటు తెల్లని ముద్ద యొకటి పడును. మూత్రమునందలి మలినమే అట్లు గట్టిపడివచ్చును. అది తెల్లగా నున్న మేలు. నారింజపండు రంగుగా, ఎండి యున్నచో నీరు చాలలేదన్నమాట. కన్నులు లోపలికి గుంటలు పడుటయు అదే చెప్పును.

ఆహారము బ్రదికియున్న పురుగులు: కీచురాళ్లు, మిడతలు, పట్టుపురుగులు, అంగడిలో పెంచి యమ్ము బొద్దింకలు. పురుగు ఊసరవెల్లి రెండు కన్నుల నడిమి దూరమునకంటె పెద్దదిగా నుండరాదు. మందు చల్లిన పొలమునుండి పట్టినవానిని వేయరాదు. అమెరికాలోని మిణుగురులలో బల్లిజాతికి ప్రాణాపాయమైన విషము కలదు గనుక అచ్చటి పిల్లలు జాగ్రత్తపడవలెను. తినక మిగిలిన కీచురాళ్లను రాత్రికి తీసివేయకున్నచో అవియే నిద్రించు జంతువును కొఱుకును. ఈ పురుగులలో భాస్వరము మెండు, సున్నపుసారము కొఱత. ఆ కొఱత తీర్చుటకు పురుగులపై కాల్సియము కార్బొనేటు పొడిని పలుచగా చల్లి వేయవలెను. ఇది తాంబూలపు సున్నము కాదు సుమా! ఆ సున్నము నోటిని కాల్చివేయును. విటమినుల పొడిని నెలకు రెండుసార్లకు మించి యీయరాదు. ఎక్కువైనను విషమే. పురుగులకుగూడ ముందుగా ఆకుకూరలు మేపియుంచిన, ఆ సారము ఊసరవెల్లికి చేరును. యెమెన్ జాతి ఆకులనుగూడ కొంత తినును.

కిరణములు గాని సున్నపుసారము గాని చాలనప్పుడు శరీరము తన యెముకలలోని సున్నమునే కరగించుకొని వాడుకొనును. పెంపుడు ఊసరవెల్లులకు వచ్చు వ్యాధులలో ఇది ముఖ్యమైనది, ముఖ్యముగా పిల్లలకు. తొలిగుఱుతులు స్వల్పములు: కొమ్మపై పట్టు సడలుట, నడచునప్పుడు కాళ్లు వణకుట, నాలుకతో గుఱి తప్పుట. తరువాత శరీరమును కొమ్మనుండి పైకెత్తలేక, మోచేతులమీద ప్రాకును. ముంజేయి తిన్ననిదనము పోయి విల్లువలె వంగును. దవుడ మెత్తబడును. వంగిన యెముక మరల తిన్ననగుట యరుదు గాని, తొలిదశలో వైద్యము జరిగిన వ్యాధి ఆగిపోయి జంతువు చాలకాలము సుఖముగా జీవింపగలదు. మూడవ గుఱుతునకు కాక మొదటి గుఱుతునకే మేల్కొనుటలోనున్నది దాని ప్రాణము.

మా అభిప్రాయమున, ఒక్క లక్షణమునే జ్ఞాపకముంచుకొనదలచిన వారు కన్నులను జ్ఞాపకముంచుకొనవలెను. ఆరోగ్యముగల ఊసరవెల్లి పగటివేళ కన్నులు మూసికొని యుండదు. కంటిని శుభ్రపఱచుకొనుటకు ఒక క్షణము ఉబ్బించి మూయుట వేఱు. పగలు కన్నులు మూసి కొమ్మపై కూర్చున్నదానిని “నిద్రపోవుచున్నది” అని విడిచిపెట్టరాదు. నీటి కొఱత, ఎ-విటమిను లోపము, కంటిలో చీము, లోపలి వేఱొక జబ్బు, వీనిలో ఏదైనను కావచ్చును. మనుష్యుల కంటిమందును తోచినట్లు వేయుట మిక్కిలి ప్రమాదము.

రంగునుగూర్చి లోకములో నొక భ్రమ కలదు. ఊసరవెల్లి తానున్న చోటి రంగును పొందునని జనులందురు. మాట నిలుకడలేని మనుష్యుని దీనితో పోల్చుటయు ఆ భ్రమవలననే. ఈ పోలికచే నిందపాలగుచున్న జంతువు నిజమునకు తన మనఃస్థితిని దాచలేనిది! వేడి, భయము, కోపము, జతను కోరుట, వీనిని అనుసరించియే రంగు మారును. చర్మములోని కొన్ని కణములయందు మిక్కిలి సూక్ష్మమైన స్ఫటికములు వరుసలుగా నుండుననియు, ఆ వరుసల నడిమి దూరము మారినప్పుడు చర్మమునుండి తిరిగివచ్చు వెలుతురు రంగు మారుననియు జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మడగాస్కరు జాతియొకదానిని పరీక్షించి 2015లో ప్రకటించిరి. పెంచువానికి కావలసినది ఇది: ఉదయమున వేడిని గ్రహించుటకు నల్లబడుట సహజము. రాత్రి నిద్రలో పాలిపోవుటయు సహజమే. దినమంతయు నల్లగా, ముదురు గోధుమరంగుగా నున్నచో చలియో, భయమో, బాధయో యున్నదని తెలియవలెను.

నోరు తెఱచుటయు అట్టిదే. దీపముక్రింద వేడియెక్కినప్పుడు నోరు తెఱచుట వేడిని పోగొట్టుకొనుటకు. చల్లని చోట, తల పైకెత్తి, నోరు తెఱచి, టపటపమను చప్పుడుతో ఊపిరి పీల్చినను, నోట జిగట కనబడినను అది ఊపిరితిత్తుల వ్యాధి. దవుడ వాచుట, పెదవి యంచున పసుపుపచ్చని గడ్డ కట్టుట నోటిపుండునకు చిహ్నములు. వీనికి ఇంటి వైద్యము లేదు.

ఆడుదానిని పెంచువారు మఱియొకటి ఎఱుగవలెను. మగది లేకున్నను ఇది గ్రుడ్లు పెట్టును. మితిమీరి మేపినచో గ్రుడ్ల సంఖ్యయు పెరిగి తల్లి కృశించును. వయసు వచ్చినది మొదలు గూటిలో తడి యిసుకను జానెడుకు మించిన లోతుగా నింపిన తొట్టి నుంచవలెను. తిండి మాని, గూటి అడుగున తిరుగుచు, మూలలను త్రవ్వుచున్నచో సమయము వచ్చినదని తెలిసికొని, దానికి కనబడకుండ తొలగిపోవలెను. మనుష్యులు చూచుచున్నచో గొయ్యిని విడిచిపోవును. త్రవ్వియు పెట్టలేక, సొమ్మసిల్లి కన్నులు మూసినచో గ్రుడ్లు లోపల చిక్కుకొన్నవన్నమాట. ఇది గంటలతో లెక్కింపవలసిన ఆపద.

ఇంతయు చదివినవారికి, దీనిని పిల్లవానికి కుక్కపిల్లవలె కొనియీయరాదని మేము వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇది చేతులలో ఆడుకొనుటకు కాదు, చూచుటకు. ముట్టిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. సరీసృపముల మలములో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి యుండును. పెంచలేనప్పుడు తోటలో విడిచిపెట్టుటయు తగదు. 1972లో హవాయి దీవులకు కెన్యానుండి అమ్మకమునకై వచ్చిన కొమ్ముల ఊసరవెల్లులు ప్రయాణమున చిక్కి, ఎండిపోయియుండగా, కోలుకొనుటకని వానిని తోటలో వదలిరి. అవి కోలుకొని, వ్యాపించి, అచ్చటి అరుదైన నత్తలను, పురుగులను తినుచు నేటికిని నిలిచియున్నవి.

సరీసృపముల నెఱిగిన పశువైద్యులు అన్ని యూళ్లను ఉండరు గాన, జంతువును కొనకముందే వైద్యుని చిరునామా కనుగొనవలెను. వారమునకొకసారి వంటింటి త్రాసులో తూచి, తేదీతో బరువును వ్రాసియుంచవలెను. కంటికి తెలియని చిక్కుట ఆ కాగితముమీద తెలియును. వైద్యునియొద్దకు పోవునప్పుడు ఆ కాగితమును, క్రొత్త మలమును మూతగల చిన్న డబ్బాలోను, దీపములయు పొడులయు పేళ్లను, గూటి ఛాయాచిత్రమును తీసికొనిపోవలెను. జంతువును గాలి ఆడు పెట్టెలో, పట్టుకొనుటకు ఒక కొమ్మ నమర్చి, పైన గుడ్డ కప్పి, ఎండ తగులకుండ కొనిపోవలెను.