మైకు ముందు ఈ జంకెందుకు?

గ్రామసభ జరుగుతుంటుంది. ప్రెసిడెంటుగారు కుర్చీలో కూర్చుని ఉంటారు. ఆమె బదులు భర్తగారు మాట్లాడతారు. చివర్లో ఆమె సంతకం చేస్తారు. మన పల్లెల్లో ఈ తంతు చూడనివారు అరుదు. అదేమని అడిగితే "ఆవిడకి మాట్లాడటం రాదండీ" అంటారు. వీధి కుళాయి దగ్గర వాడకట్టునంతా ఒక్క గొంతుతో అదుపు చేసే మనిషికి మాటలు రావంటే నమ్మేదెలా? నలుగురిలో లేచి నిలబడాలంటేనే ఆమెకు బెరుకు.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మహిళలకు మూడోవంతు స్థానాలిచ్చింది. మన రాష్ట్రంలో ఇప్పుడు సగం వారివే. కుర్చీ దక్కింది గాని మైకు ఇంకా అందరికీ దక్కలేదు.

చదువుకుంటే ఈ భయం పోతుందనుకోవడం పొరపాటు. గాంధీజీ బారిస్టరు. లండన్‌లో శాకాహార సంఘం కమిటీలో తన అభిప్రాయాన్ని కాగితం మీద రాసుకెళ్లి కూడా చదవలేకపోయారు. వేరొకరు చదివిపెట్టారు. బొంబాయిలో 30 రూపాయల ఫీజుకు మొదటి కేసు పట్టి, సాక్షిని ప్రశ్నించడానికి లేచి, తల తిరిగి కూర్చుండిపోయారు. అలాంటి మనిషి 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల ముందు వ్యాపారంలో నిజాయితీ గురించి మాట్లాడగలిగారు. చెప్పవలసిన విషయం ముందే సిద్ధం చేసుకున్నారు, వింటున్నవారు తనవారు. అంతటితో భయం వదిలిందా అంటే, లేదు. 1896లో బొంబాయి సభలో మళ్లీ వణికారు. ఆయన ప్రసంగ పాఠాన్ని ఇతరులే అందుకుని చదవాల్సి వచ్చింది. అయినా మాట్లాడటం మానలేదు.

మన కాకినాడ ముచ్చట చూడండి. 1921లో గాంధీజీ వచ్చినప్పుడు దేవదాసీలు, ముస్లిం స్త్రీలు ఆయనను కలుసుకునేందుకు సభ ఏర్పాటు చేసింది దుర్గాబాయి. అప్పటికామెకు పన్నెండేళ్లు నిండలేదు. ఆయన హిందీలో చెబుతుంటే తెలుగులో వినిపించిందీ ఆమే. తర్వాత రాజ్యాంగసభలో గట్టిగా వినిపించిన గొంతుల్లో ఆమెదొకటి.

అందరి చూపులూ తనమీదే ఉన్నాయనగానే శరీరం ఆపద వచ్చిందనుకుంటుంది. గుండె దడదడలాడుతుంది, నోరెండుతుంది, కాళ్లు వణుకుతాయి. ఈ దడ సాధారణంగా మొదట్లోనే ఎక్కువ, మాట సాగేకొద్దీ తగ్గుతుంది. అందుకే మొదటి రెండు వాక్యాలు నోటికి వచ్చి ఉండాలి. మొత్తం బట్టీపడితే మాత్రం ఒక్క మాట జారినా అంతా పోతుంది. చీటీ మీద నాలుగు మాటలు రాసుకుంటే చాలు. ముందుగా పొదుపు సంఘం సమావేశంలో, పదిమంది మధ్య పైకి చెప్పి చూసుకోవాలి. సభకు కాస్త ముందే వెళితే మైకు ఎత్తు కూడా సరిచేయించుకోవచ్చు.

వచ్చే గ్రామసభలో ఒక్క విషయం చాలు. మంచినీళ్ల పైపో, ఆగిపోయిన పింఛనో. మధ్యలో భర్తగారు అందుకోబోతే "మీరు కూర్చోండి, నేను చెబుతాను" అనండి. చెప్పింది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కిందో లేదో చూసుకున్నాకే సంతకం.